చెవిలో నాలుగో రియాక్టర్

"ఆ రోజు నన్ను పిలిచింది నిహారికే," అన్నాడు బాపిరాజు. "ఇంటర్‌కమ్‌లో చేసింది. కామరాజు గారు మిమ్మల్ని నాలుగో రియాక్టర్ దగ్గరికి రమ్మంటున్నారు సార్ అంది. వెళ్లాను. నేను పై అంతస్తు మెట్లెక్కేసరికి లోపల మోటారు తిరుగుతోంది. ఎర్ర బటన్ కొట్టి ఆపింది నేను. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

"ఇంకోసారి చెప్పు. ఇనబుద్ధయితున్నది," అన్నాడు రాజశేఖర్.

బాపిరాజు మొహం ఎర్రబడింది. అది చూడటానికి రాజశేఖర్ ఆరేళ్లు ఎదురుచూశాడు.

గడ్డపోతారంలోని త్రిదళ ఆర్గానిక్స్ ఫ్యాక్టరీలో సెక్యూరిటీ మేనేజర్ గది అది. ఇప్పుడు బల్లకు చెరోవైపు కూర్చున్న ఈ ఇద్దరూ ఒకప్పుడు ఒకే పోలీస్ స్టేషన్లో పనిచేశారు. అప్పట్లో బాపిరాజు సర్కిల్ ఇన్‌స్పెక్టర్, రాజశేఖర్ అతని కింద ఎస్సై. విషపు నీళ్లు తెచ్చి వాగులో వదలబోతున్న ట్యాంకర్‌ను రాజశేఖర్ పట్టుకొచ్చి స్టేషన్ ముందు నిలబెడితే, తెల్లారేసరికి ట్యాంకర్ లేదు. వదిలేసింది బాపిరాజు. వదిలేసినట్టు పేరు పడింది రాజశేఖర్‌కి. ఉద్యోగం ఊడింది. తండ్రి సోమయ్య ఊళ్లో నలుగురి మధ్య కూర్చోవడం మానేశాడు, తర్వాత అన్నం మానేశాడు, ఆ ఏడాది గడవకుండానే పోయాడు. చితి దగ్గర నిలబడి రాజశేఖర్ ఒక్క పేరే తలుచుకున్నాడు. ఆ పేరు గల మనిషి ఇప్పుడు ఎదురుగా చెమటలు తుడుచుకుంటున్నాడు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు," బాపిరాజు ముందుకు వంగాడు. "నువ్వు కామరాజును చంపినవాణ్ణి వెతుకుతున్నావా, నన్ను వెతుకుతున్నావా?"

"ఇద్దరూ ఒక్కటైతే నా తప్పేముంది?"

"ఆ ఆడమనిషి భర్త పోయిన దుఃఖంలో నీ ఆఫీసు మెట్లెక్కింది. నువ్వు ఆమె దుఃఖం మీద నీ పాత పగ వండుకుంటున్నావు."

"వండుడు అయిపోయింది. ఇగ వడ్డించుడే," అంటూ రాజశేఖర్ లేచాడు. "ఆ పిల్ల క్లాసు రికార్డింగ్ ఇనొస్త. గంటల ఇన్‌స్పెక్టర్ వెంకటేశం జీపు గేట్ల ఉంటది. అంగీ మార్చుకో, చెమట వాసనొస్తున్నది."

నిజానికి కేసు అంత సూటిగానే కనబడుతోంది. రియాక్టర్ అంటే రెండు నిలువుల ఎత్తు ఉక్కు పాత్ర. మందుల ముడిసరుకు ఉడికేది అందులోనే. ప్రొడక్షన్ మేనేజర్ కామరాజు ఖాళీగా ఉన్న నాలుగో రియాక్టర్‌లోకి, లోపలి గాజుపూత పగిలిందేమో చూడటానికి దిగాడు. స్విచ్‌కి తాళం పెట్టకుండా దిగడం, మనుషుల్ని దింపడం ఆయనకు మామూలే. పైన కాపలా ఉండాల్సిన కార్మికుణ్ణి ఇంకో టార్చిలైటు తెమ్మని పంపాడు. ఆ కాసేపట్లో, మూడు నలభై ఒకటికి, లోపలి రెక్కల్ని తిప్పే మోటారు మొదలైంది. కరెంటు మీటరు ఆ నిమిషాన్ని పట్టి చూపిస్తోంది కానీ, మోటారును ఎవరు వేశారో చెప్పదు. దాన్ని వేసే వీలు రెండే చోట్ల ఉంది. ఒకటి రియాక్టర్ పక్కనున్న బటన్, రెండోది కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటర్. కంట్రోల్ రూమ్‌లో డ్యూటీ ఆపరేటర్ పవన్ అప్పుడు చాయ్‌కి వెళ్లాడు, గది ఖాళీ అన్నారు. టార్చితో తిరిగొచ్చిన కార్మికుడికి బటన్ దగ్గర నిలబడి కనబడింది బాపిరాజు. ఆ వారమంతా ఆ ఇద్దరూ గేటుదాకా వినబడేలా తిట్టుకున్నారని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

పోలీసులు ముందు ప్రమాదం అని రాసుకున్నారు. కామరాజు భార్య కమలాకుమారి ఒప్పుకోలేదు. సంగారెడ్డిలోని రాజశేఖర్ డిటెక్టివ్ ఆఫీసు వెతుక్కుంటూ వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా మాట్లాడింది.

"మా ఆయన్ను చంపినవాడికి ఉరి వద్దండీ," అంది. "ఉరి అయితే ఒక్క రోజుతో అయిపోతుంది. వాడు ముసలివాడయ్యేదాకా జైల్లో బతకాలి. రోజూ పొద్దున్నే లేవగానే మా ఆయన అరుపు వాడికి వినబడాలి. మీరు అది చేసి పెట్టండి చాలు."

బాపిరాజుకు మిగిలిన ఒకే ఒక్క ఆధారం ఆ ఇంటర్‌కమ్ పిలుపు. కంట్రోల్ రూమ్ ఆపరేటర్ నిహారిక తనను పిలిచిందంటాడు. నిహారికేమో, ఆ సమయానికి తాను ఆఫీసు బిల్డింగ్‌లోని ట్రైనింగ్ హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని, హెడ్ ఆఫీసు వాళ్ల ఆన్‌లైన్ క్లాసు వింటున్నానంది. ఆ బిల్డింగ్ రియాక్టర్లకు ఆ చివర, గేటు పక్కన ఉంది. క్లాసు రికార్డయింది. అందులో ఆమె గొంతు ఉంది. ఆమె మాట నిజమైతే బాపిరాజు అబద్ధాలకోరు, అబద్ధాలకోరైతే హంతకుడు. వినడం ఒక్కటే మిగిలింది.

కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ల మెయింటెనెన్స్ చూసే వెంకట సాయి రికార్డింగ్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడ వేరే ఎవరూ లేరు. కిటికీ అద్దంలోంచి కింద నాలుగో రియాక్టర్ కనబడుతోంది. నిన్న సీలు తీశారు, ఇవాళ నీళ్లు నింపి తిప్పి చూస్తున్నారు. మనిషి పోయిన పాత్రను ఇంత తొందరగా కడిగి పనిలో పెట్టడం రాజశేఖర్‌కు వెగటు పుట్టించింది.

"సౌండు కొంచెం చిరాగ్గా ఉంటుంది సార్, ఏమనుకోకండి," అంటూ సాయి హెడ్‌ఫోన్స్ అందించాడు.

కొంచెం కాదు. చెవులకు తగిలించుకోగానే సన్నటి కీచుమోత పుర్రెలోకి దిగింది. దోమ చెవిలో దూరి అక్కడే కాపురం పెట్టినట్టుంది. దాని వెనక హెడ్ ఆఫీసు ట్రైనర్ లక్ష్మీప్రసన్న గొంతు అరకొరగా వినబడుతోంది.

"ఇదేంది, ఏమీ ఇనొస్తలేదు. వేరే హెడ్‌ఫోన్స్ లేవా?"

సాయి ఇంకోటి తెచ్చాడు. అదే మోత. వెనక సాకెట్లోంచి పీకి ముందు సాకెట్లో పెట్టాడు. అదే మోత. సెట్టింగుల్లోకి వెళ్లి మైకు ఆపాడు, సౌండ్ డ్రైవర్ తీసి మళ్లీ వేశాడు, కంప్యూటర్ ఆపి వేశాడు. దోమ అక్కడే ఉంది.

"ఎన్ని నెలల నుంచో ఇదే గోల సార్. మార్చని వస్తువు లేదు. ఆపరేటర్లు మొదట్లో మొత్తుకునేవాళ్లు. తర్వాత అలవాటుపడిపోయారు, ఇప్పుడు వాళ్లకసలు వినబడదంటారు."

"కారణం ఏందో తెలిసిందా?"

సాయి జవాబిచ్చేలోపే మోత టక్కున ఆగిపోయింది. రాజశేఖర్ ఉలిక్కిపడ్డాడు. లక్ష్మీప్రసన్న గొంతు కడిగిన గాజులా స్పష్టంగా వినబడుతోంది. సాయి కిటికీలోంచి కిందికి చూపించాడు. నాలుగో రియాక్టర్ మోటారు ఆపి, ఎవరో పైనుంచి లోపలికి తొంగి చూస్తున్నారు. మూత వేశారు, మోటారు తిరిగింది. దోమ తిరిగొచ్చింది.

"అదీ సార్ సంగతి," అన్నాడు సాయి. "ఆ మోటారు వేగం తగ్గించి పెంచే ప్యానెల్‌కీ, ఈ కంప్యూటర్‌కీ ఒకటే ఎర్తింగ్ ఇచ్చారు. ఆ మోటారు తిరిగినప్పుడల్లా దాని కరెంటు చెత్తంతా ఈ సౌండ్ సాకెట్లోకి ఎక్కుతుంది. హెడ్‌ఫోన్‌లోనూ వినబడుతుంది, ఇక్కణ్ణుంచి మైకులో మాట్లాడితే అవతలివాళ్లకీ వెళుతుంది. వేరే ఎర్తింగ్ వేయించండి, లేదా యూఎస్‌బీ హెడ్‌సెట్లు కొనండి, పోతుంది అని మొత్తుకుంటున్నాను. వినేవాడేడీ?"

"మిగతా కంప్యూటర్లల్ల ఉన్నదా ఈ లొల్లి?"

"లేదు సార్. ఇదొక్కదానికే. ట్రైనింగ్ హాల్లో అయితే సూది పడినా వినబడుతుంది."

రాజశేఖర్‌కు అప్పటికి ఆ మాటతో పనిలేదు. రికార్డింగ్ శుభ్రంగా వినాలి, అంతే. సాయి దాన్ని తన లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. చార్జర్ పెట్టొద్దు, బ్యాటరీ మీదే వినండి, ఏ గోలా ఉండదు అని జాగ్రత్త చెప్పాడు. రాజశేఖర్ లాప్‌టాప్, హెడ్‌ఫోన్స్ పట్టుకుని క్యాంటీన్ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. భోజనాల వేళ దాటింది, అటు ఎవరూ లేరు.

అది సేఫ్టీ క్లాసు. సూది పడినా వినబడేలా ఉంది. లక్ష్మీప్రసన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడుగుతోంది. వీడియోలో మొహాలు లేవు, పేర్లే. మూలన గడియారం మూడు నలభై చూపిస్తుండగా ఆమె అడిగింది.

"నిహారికా, రియాక్టర్‌లోకి మనిషి దిగేముందు ఏమేం చేయాలో చెప్పమ్మా."

కాస్త ఆలస్యమైంది. తర్వాత నిహారిక గొంతు వచ్చింది. తొణకని గొంతు. "మోటారుకు కరెంటు తీసెయ్యాలె మేడం. స్విచ్‌కు తాళం పెట్టాలె. తాళంచెవి దిగే మనిషి జేబులనే ఉండాలె..."

రాజశేఖర్ పెదవుల మీద నవ్వు వచ్చింది. ఆ అమ్మాయి క్లాసులోనే ఉంది. బాపిరాజు పని అయిపోయింది. ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

చెయ్యి అక్కడే ఆగింది.

"...గాలి టెస్టు చెయ్యాలె. పైన ఒక మనిషి కావలి ఉండాలె..." నిహారిక గొంతు వెనక సన్నగా, దూరంగా, ఒక దోమ మొదలైంది. ఆమె మాటతోపాటు సాగింది. గడియారం మూడు నలభై ఒకటి. ఆమె ఆపకుండా చెబుతూనే ఉంది. "...లోపలి మనిషి పిలిస్తే పలకాలె మేడం." దోమ టక్కున ఆగింది. "వెరీ గుడ్ నిహారికా," అంది లక్ష్మీప్రసన్న.

చార్జర్ పెట్టలేదు కదా అని లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. పెట్టలేదు. ఫ్యాక్టరీ ఎర్తింగ్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. మూడోసారి విన్నాడు. ఆ మోత తన చెవిలో పుట్టింది కాదు. ఆమె మాట్లాడిన కంప్యూటర్లో పుట్టి, ఆమె మైకు గుండా వచ్చి, ఆమె గొంతుతోపాటే రికార్డయింది. కంట్రోల్ రూమ్‌లో వినుంటే అక్కడి మోత కింద ఇది వినబడకుండా మునిగిపోయేది. ఆ జబ్బున్న కంప్యూటర్ ఫ్యాక్టరీ మొత్తానికి ఒక్కటే.

నిహారిక ట్రైనింగ్ హాల్లో లేదు. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, మనిషి ప్రాణం కాపాడే పద్ధతి నోటితో అప్పజెబుతూ, చేత్తో మోటారు వేసింది.

బాపిరాజు చెప్పిందంతా నిజం.

ఆ మాట మింగుడుపడటానికి రాజశేఖర్‌కు చాలాసేపు పట్టింది. ఈ సంగతి తన ఒక్కడి చెవిలోనే ఉంది. కేసుకు కావలసింది ఆ గొంతు క్లాసులో ఉండటమే. దాని వెనక మోత గురించి ఎవడు అడుగుతాడు? వెంకటేశానికి వినిపిస్తే, సిగ్నల్ బాగా లేదేమో అనుకుంటాడు. తాను ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఊరుకుంటే చాలు. తండ్రి మొహం గుర్తొచ్చింది. చివరి రోజుల్లో గోడవైపు తిరిగి పడుకున్న మొహం.

"ఏం విన్నావ్?"

తలెత్తి చూస్తే ఎదురుగా బాపిరాజు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. పోలీసు ఉద్యోగం వదిలినా అతని కళ్లు ఉద్యోగం మానలేదు. రాజశేఖర్ మొహాన్ని అంగుళం అంగుళం చదువుతున్నాయి.

"నువ్వు జైలుకు పోతున్నవని ఇన్న," అన్నాడు రాజశేఖర్, హెడ్‌ఫోన్స్ చుట్టేస్తూ.

"అయితే నీ మొహం పెళ్లికొడుకులా వెలగాలి కదయ్యా. శవాన్ని చూసినట్టు ఉందేంటి?"

రాజశేఖర్ బెంచీ మీంచి లేచాడు. లాప్‌టాప్ సాయికి ఇచ్చేసి బండి స్టార్ట్ చేశాడు. గేటు దాటుతుండగా వెంకటేశం ఫోన్ చేశాడు.

"అన్నా, ఏమైంది? ఎత్తుకుపోవాల్నా మీ దోస్తును?"

అవును అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "జెర ఆగు. ఒక్క మనిషితోని మాట్లాడి చెప్త," అన్నాడు.

నిహారికకు ఆ రోజు వీక్లీ ఆఫ్. కందిలో, కాలేజీ క్యాంపస్ గోడకు ఎదురుగా ఉన్న సందులో, మేడమీద గది కిరాయికి తీసుకుని ఉంటోంది. తలుపు తీసిన పిల్లకు పాతికేళ్లుంటాయేమో. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ జరిపింది, మంచినీళ్లు తెచ్చి పెట్టింది.

"రికార్డింగ్ ఇన్న," అన్నాడు రాజశేఖర్.

"బాగొచ్చిందా అన్నా, నా గొంతు?"

"గొంతు బాగొచ్చింది. ఎనక నాలుగో రియాక్టర్ గూడ బాగొచ్చింది."

ఆమెకు అర్థం కాలేదు. హెడ్‌ఫోన్స్ సంగతి, ఎర్తింగ్ సంగతి, బ్యాటరీ మీద విన్న సంగతి వరసగా చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆమె మొహంలో రంగు దిగిపోయింది. చివరికి తల అడ్డంగా ఊపి, తనలో తానే అనుకున్నట్టు అంది.

"నాకు ఇనబడనే లేదు. ఆ కుర్చీల రెండేండ్లు కూసున్న. ఆ సప్పుడు ఉన్నట్టే మర్చిపోయిన."

"ఎందుకు చేసినవ్, చెల్లె?"

"మహేష్ తెలుసా నీకు?"

తెలియదన్నాడు. తెలియకపోవడమే ఆమెకు జవాబు అయినట్టుంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయిన మనిషిలా మాట్లాడింది.

మహేష్ అదే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు, ఇళ్లల్లో ఇంకా చెప్పలేదు. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం కామరాజు అతన్ని అదే నాలుగో రియాక్టర్‌లోకి దింపాడు. లోపల నైట్రోజన్ నిండి ఉంది. గాలి టెస్టు చేయలేదు. రెండు నిమిషాల్లో కుప్పకూలాడు.

"కంట్రోల్ రూమ్ కెమెరాల నేను చూస్తనే ఉన్న అన్నా. కామరాజు, బాపిరాజు కలిసి పైకి తీసిండ్రు. చెయ్యి కదిలింది. బతికే ఉన్నడు. నేను కిందికి ఉరికే వరకు బాపిరాజు సారు తన బండి తెప్పిచ్చి అండ్ల ఏసుకుండు. దవాఖానకు పోతున్నం, నువ్వు పో అన్నడు. దవాఖానకు పోలే. మర్నాడు ముంబై హైవే పక్కన దొరికిండు మహేష్. మీద అతని మోటార్‌సైకిల్ పడి ఉన్నది. యాక్సిడెంట్ అన్నరు. ఫ్యాక్టరీ డ్రెస్సు ఇప్పి, ఇంటి బట్టలు తొడిగిండ్రు. అంగీ గుండీలు గూడ సక్కగ పెట్టలే."

"కెమెరా రికార్డు?"

"తెల్లారి చూస్తే తుడిచేసి ఉన్నది. నేను చూసిన సంగతి బాపిరాజుకు తెలుసు. నోరు తెరిస్తే నీకూ గట్లనే అయితదని చెప్పలే. చెప్పకుండనే చెప్పిండు. గా రోజు నుంచి దినాం గదే సీట్ల కూసున్న, గదే రియాక్టర్ చూసుకుంట. కామరాజు మళ్ల తాళం పెట్టకుండ దిగే రోజు కోసం కూసున్న. దొరికిండు. పవన్ చాయ్‌కి పోయిండు. ట్రైనింగ్ హాల్ల పది మంది ఉన్నరు, అందరి చెవులకు హెడ్‌ఫోన్లే, ఎవడు ఎవణ్ణి చూస్తడు? కంట్రోల్ రూమ్‌కెల్లి క్లాసుకు లాగిన్ అయిన. మైకు బంద్ పెట్టి బాపిరాజును ఇంటర్‌కమ్‌ల పిలిచిన. అతను మెట్ల కాడికొచ్చింది కెమెరాల చూసి, అప్పుడు మోటారు ఏసిన."

"ఒకడు సావాలె, ఒకడు జైలుకు పోవాలె."

"ఆఁ. ఇద్దరూ కలిసి చేసిండ్రు కద, ఇద్దరూ కలిసే పోవాలె."

రాజశేఖర్ మంచినీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే పెట్టేశాడు. ఈ పిల్ల గుండెలో మండుతున్నది అతనికి కొత్త కాదు. ఆరేళ్లుగా తానూ ఆ మంట పక్కనే పడుకుని లేస్తున్నాడు.

"ఇప్పుడైనా ఏం మించిపోలేదన్నా," నిహారిక గొంతు తగ్గించింది. "ఆ సప్పుడు నువ్వొక్కనివే ఇన్నవ్. నువ్వు ఊకుంటే బాపిరాజు పోతడు. నువ్వు ఊకుంటవనే కద నిన్ను తెప్పిచ్చుకున్న."

"ఏమన్నవ్?"

"కమలాకుమారి మేడంకు ఫోన్ చేసి నీ పేరు చెప్పింది నేనే. సంగారెడ్డిల రాజశేఖర్ అని ఉన్నడు, అతనైతేనే పని అయితది అన్న. బాపిరాజు నీకు చేసింది ఫ్యాక్టరీల గేటు వాచ్‌మెన్లు గూడ చెప్పుకుంటరు. వేరేటోడైతే హంతకుణ్ణి ఎతుకుతడు. నువ్వైతే బాపిరాజునే ఎతుకుతవ్."

చెంప మీద కొట్టినట్టయింది. గంట క్రితం బాపిరాజు అదే మాట మొహాన అన్నప్పుడు ఎకసెక్కంగా జవాబిచ్చి లేచొచ్చాడు.  ఇన్నాళ్లూ తాను బాపిరాజు మెడకు ఉరి పేనుతున్నాననుకున్నాడు. పేనింది ఈమె. తాను పట్టుకుని నిలబడ్డాడు, అంతే. తండ్రి పేరు మీద కడుపులో దాచుకున్న పగను ఎవరో తాళంచెవిలా వాడుకున్నారు. సోమయ్య చావుకు బదులు ఇంకెవరి నేరమో బాపిరాజు నెత్తిన పెట్టడం అంటే, ఆనాడు బాపిరాజు తనకు చేసిందే తాను చేయడం. సరిగ్గా అదే. ఒకరు చేసిన తప్పును ఇంకొకరి పేరు మీద రాయడం.

"చెల్లె," అన్నాడు. "నువ్వు చూసిన సంగతి కోర్టుల చెప్పు. బాపిరాజు మహేష్ కోసం జైలుకు పోవాలె. కామరాజు కోసం పోతే, రేపు ఏ లాయరో గా సప్పుడు ఇంటడు. ఇన్ననాడు వాడు నవ్వుకుంట బయటికొస్తడు. మహేష్ సంగతి ఎన్నటికీ బయటికి రాదు."

"నేను చెప్తే ఎవరు నమ్ముతరు? హంతకురాలి మాట అంటరు."

"నమ్మేటట్టు చేసుడు నా పని. ఈసారి పైసలకు కాదు, పగకు గూడ కాదు... కాదనను, పగనే. కానీ అసలు తప్పుకే అసలు పేరు రాయాలె."

ఆమె జవాబు చెప్పబోతూ తలుపు వైపు చూసి ఆగిపోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. సగం తెరిచిన తలుపును ఒక చెయ్యి పూర్తిగా తోసింది. బాపిరాజు. అతని వెనక ఫ్యాక్టరీ సెక్యూరిటీ బట్టల్లో ఇద్దరు బలమైన మనుషులు.

"నువ్వెళ్లగానే సాయిని కూర్చోబెట్టి అదే లాప్‌టాప్‌లో నేనూ విన్నాను," అన్నాడు బాపిరాజు. ఇందాకటి చెమట లేదు. మొహం హాయిగా ఉంది. "నీ మొహం చూసి ఏదో ఉందనుకున్నాను. ఉంది. నిజం విని కూడా నోరు మూసుకున్నావు చూడు, పర్లేదు, నా దగ్గర పని నేర్చుకున్నందుకు గుర్తు మిగుల్చుకున్నావు. పక్కకు జరుగు. అమ్మాయిని నేను స్టేషన్‌కు తీసుకెళతాను. కింద బండి ఉంది."

"బండి వద్దు," అంది నిహారిక. లేచి కుర్చీ వెనక్కి జరిగింది. "అన్నా, ఆ బండి వద్దు."

రాజశేఖర్‌కు అంతా ఒక్కసారిగా అర్థమైంది. బాపిరాజుకు ఈ పిల్ల అరెస్టు కావడం ఇష్టం లేదు. అరెస్టయితే మాట్లాడుతుంది. మహేష్ చెయ్యి కదలడం చూసిన కళ్లు ప్రపంచంలో ఇవి రెండే మిగిలాయి. నేరం చేసి పారిపోతూ ఏ లారీ కిందో పడిందంటే కథ అక్కడితో ముగుస్తుంది. కామరాజు కేసూ ముగుస్తుంది, మహేష్ కేసూ ముగుస్తుంది. హైవే ఆ సందు చివరనే ఉంది.

ఫోన్ తీసి వెంకటేశానికి కలిపాడు. స్పీకర్ పెట్టి అందరికీ వినబడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"చెప్పన్నా, తేలిందా?" అంది వెంకటేశం గొంతు.

ఆరేళ్లుగా ఏ మాట చెప్పాలని కాచుకుని ఉన్నాడో, సరిగ్గా దానికి తలకిందులైన మాట చెప్పాడు రాజశేఖర్. 

"తేలింది. కామరాజును చంపింది బాపిరాజు కాదు. అతను చెప్పిందంతా నిజం."

బాపిరాజు నవ్వాడు. వెనకున్న ఇద్దరిలో ఒకడు భుజాలు వదులు చేసుకున్నాడు.

"ఇంకోటి రాసుకో వెంకటేశం. పోయినేడు హైవే మీద బండి యాక్సిడెంట్ల చచ్చిండని రాసిన మహేష్ యాక్సిడెంట్ల చావలే. ఫ్యాక్టరీల, ఊపిరి ఉండంగనే, దవాఖానకని చెప్పి బండ్ల ఏసుకుపోయింది బాపిరాజు. కండ్లతోని చూసిన సాక్షి నా పక్కనే ఉన్నది. కామరాజు మీద మోటారు ఏసింది గూడ ఆమెనే, ఆ మాట గూడ ఆమెనే చెప్తది. మేము కందిల ఉన్నం. బాపిరాజు, ఇద్దరు మనుషులు తలుపుల నిలబడ్డరు. ఆమెకు ఏమైనా, నాకు ఏమైనా, చేసింది ఎవరో నీకు ఇప్పుడే చెప్తున్న."

నవ్వు పోయింది. బాపిరాజు వెనక్కి తిరిగి మనుషులిద్దరి వైపు చూశాడు. ఒకడు ఒక మెట్టు దిగాడు, వెళ్లిపోతాడేమో అనిపించింది. బాపిరాజు అతని చొక్కా పట్టి లోపలికి లాగాడు.

"అన్నా, కందిల ఏడ?" ఫోన్లో వెంకటేశం అరుస్తున్నాడు. "ఇల్లు చెప్పు! ఇల్లు..."

రాజశేఖర్ నోరు తెరిచాడు. రెండో మనిషి లాఠీ దెబ్బకు మణికట్టు విరిగినట్టయింది. ఫోన్ ఎగిరి గోడకు కొట్టుకుని మూగబోయింది. నిహారిక అతని ముందుకొచ్చి నిలబడింది, చేతిలో ఇనుప కుర్చీ ఎత్తి పట్టుకుని.

"వాడు విన్నది నీ నోటి మాటే. కళ్లతో చూసినవాళ్లు మిగలకపోతే చాలు," అంటూ బాపిరాజు తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టాడు.